ఇంటిగాలికి కావలి

కర్ణాటక రాష్ట్రపు ఉత్తరపు కొనన, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున, ఎర్రని లాటరైటు రాతిగడ్డపై వెలసిన బీదరు పట్టణమునకు, చుట్టుపట్టుల పల్లపు ప్రాంతములకంటె చలి ఒక పాలు అధికము. 15వ శతాబ్దిలో బహమనీ సుల్తాను అహమ్మదుషా గుల్బర్గానుండి తన రాజధానిని ఇచ్చటికి మార్చుకొనుటకు ఈ ఎత్తునందలి చల్లగాలియు ఒక కారణమని చెప్పుదురు. మార్గశిర పుష్యమాసములు వచ్చినవనగా ఊరిలోని ఇండ్లు ప్రొద్దుగూకకమునుపే తలుపులు బిగించుకొనును. కిటికీ రెక్కల సందులలో గుడ్డపేలికలు దూరును. ముసలివారి మంచముచెంతకు కుంపటి చేరును. స్నానాలగదిలో గ్యాసు గీజరు తెల్లవారకమునుపే మండును. ఇట్లు గాలి రాకపోకలను మూసివైచి లోపల నిప్పు రగిలించు ప్రతి గృహమునందును, ఆ గృహస్థు కంటికి గాని ముక్కునకు గాని అందని ఒక అపాయము పొంచియున్నది. ఆ అపాయమును ముందుగా పసిగట్టి నిద్రించువారిని మేలుకొలుపు రెండు చిన్న యంత్రములను గూర్చియు, వాని వెనుకనున్న విజ్ఞానమును గూర్చియు, వానిని ఇంటిలో అమర్చు విధమును గూర్చియు ఈ వ్యాసమున విన్నవింపదలచితిని.

బీదరునకును తెలుగువారికిని గల సంబంధము నేటిది కాదు. నిజాము రాజ్యమున బీదరు జిల్లాకు చెందిన జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు 1956 నాటి పునర్విభజనలో తెలుగు రాష్ట్రమునకును, బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకును చెందినను, బంధుత్వములకును బేరసారములకును ఆ సరిహద్దు అడ్డు రాలేదు. నేటికిని బీదరు బజారున కన్నడము, ఉర్దూ, మరాఠీలతోబాటు తెలుగు మాటయు వినవచ్చును. ఈ ఊరి పేరును దేశదేశములకు చేర్చిన బిద్రీ పనివారల కార్ఖానాలో ఒక పూట నిలిచి చూచినచో, నిప్పునకును గాలికిని గల చుట్టరికము బోధపడును. తుత్తునాగము సుమారు పదునారు పాళ్లకు రాగి ఒక పాలు చొప్పున మూసలో వేసి, కొలిమిపై కరగించి, ఎర్రమన్నుతో చేసిన అచ్చులో పోయుదురు. చల్లారిన పోతను ఆకురాయితో నునుపుచేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లబరచి, ఆ నల్లదనముపై సన్నని ఉలితో లతలను పూవులను చెక్కి, ఆ గీతలలో వెండితీగను సుత్తితో అదుముదురు. తుదకు పాతకోటలో ఎండ వానలు సోకని చోటనుండి తెచ్చిన మట్టిని నవాసారముతో కలిపి రుద్దగా, లోహము శాశ్వతముగా నల్లబడి వెండి మాత్రము తెల్లగా నిలిచిపోవును. 2006లో భౌగోళిక గుర్తింపును పొందిన ఈ కళకు కొలిమియే ఆధారము. తుత్తునాగము మితిమీరి కాగినప్పుడు లేచు తెల్లని పొగ కంటికి కనబడును, గొంతునకు తగులును. కావుననే కొలిమిని గాలి ఆడు చోటనే పెట్టుకొనవలెనని పనివానికి అనుభవమే నేర్పినది. కాని ఆ కొలిమిలోని బొగ్గు పుట్టించు మరియొక వాయువును గూర్చి అనుభవము ఏమియు నేర్పజాలదు. ఏలయనగా దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, గొంతును గీరు గుణమును లేదు. అదియే కార్బన్ మోనాక్సైడు.

కట్టె, బొగ్గు, కిరోసిను, పెట్రోలు, వంటగ్యాసు, వీనియన్నిటి యందును కర్బనము కలదు. మండుచున్నప్పుడు ప్రాణవాయువు సమృద్ధిగా లభించినచో ఒక్కొక్క కర్బన పరమాణువు రెండేసి ప్రాణవాయు పరమాణువులతో కూడి బొగ్గుపులుసు వాయువగును. గాలి చాలనప్పుడు కర్బనమునకు ఒక్క పరమాణువే దక్కును. అట్లు సగము కాలి మిగిలినదే కార్బన్ మోనాక్సైడు. రగిలిన బొగ్గులపై ఒక్కొక్కప్పుడు ఆడు సన్నని నీలిమంట ఈ వాయువు మండుచున్న గుర్తే. ఆ నీలిమంట ఆరి, బొగ్గులు ఎర్రగా కనకనలాడుచు మౌనముగా ఉన్నప్పుడు, కాలని వాయువు గదిలోనికి వెడలుచుండును. ఇక్కడనే మన వాడుకలోని పెద్ద పొరపాటు దాగియున్నది. బొగ్గులు పొగ చిమ్ముచున్నంతసేపు కుంపటిని వాకిట నుంచి, పొగ పోయిన పిదప ఇక భయము లేదని ఇల్లాలు దానిని పడకగదిలోనికి తెచ్చును. పొగ పోయినదేకాని విషము పోలేదు. కంటికి హెచ్చరికగా నున్న ఆ ఒక్క గుర్తు కూడ తొలగిన తరువాతనే ఆ నిప్పు ఇంటిలోనికి వచ్చినది.

ఈ వాయువు దేహమునకు చేయు అపకారము విచిత్రమైనది. మన రక్తములోని హిమోగ్లోబిను ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎక్కించుకొని అంగాంగములకు చేర్చి దింపుచుండును. కార్బన్ మోనాక్సైడు ఆ హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన గట్టితనముతో పట్టుకొనును. ఊరి బస్సులో ఎక్కినవారు ఏ ఊరిలోను దిగక సీట్లన్నియు ఆక్రమించి కూర్చున్నచో, బస్సు తిరుగుచునే యుండును గాని ప్రయాణము చేయవలసినవారు బస్టాండులోనే మిగిలిపోవుదురు. రక్తమందు జరుగునదియు అట్టిదే. అంతటితో ఆగక, మిగిలిన హిమోగ్లోబిను మోయుచున్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడ కణములకు సులభముగా విడువనీయదు. మెదడును గుండెయు ముందుగా అలమటించును. మంచిగాలిలోనికి వచ్చిన తరువాత సైతము రక్తములోని ఈ విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్పించినచో ఆ కాలము సుమారు గంటన్నరకు తగ్గును. గర్భస్థ శిశువు రక్తమందలి హిమోగ్లోబిను ఈ వాయువును మరింత గట్టిగా పట్టియుంచును గనుక, తల్లికి స్వల్పముగా సోకినదే బిడ్డకు ప్రాణాంతకము కావచ్చును.

ఈ రహస్యమును మానవుడు తెలిసికొని రెండు శతాబ్దులైనను కాలేదు. 19వ శతాబ్ది నడుమ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోదు బెర్నారు ఈ వాయువు రక్తమునే పట్టుకొనునని నిరూపించెను. ఆ శతాబ్ది చివర బ్రిటిషు శరీరశాస్త్రజ్ఞుడు జాన్ స్కాటు హాల్డేను బొగ్గుగనుల ప్రేలుళ్లలో చనిపోయినవారిని పరిశీలించి, వారిలో అధికులు ప్రేలుడు దెబ్బకు గాక, ఆ తరువాత సొరంగములలో నిండిన కార్బన్ మోనాక్సైడునకు బలియైరని 1896లో ప్రకటించెను. ఆయన ఈ వాయువును తానే పీల్చి, తన రక్తమును తానే పరీక్షించుకొని, మనిషికంటె వేగముగా శ్వాసించు చిన్న ప్రాణులు ముందుగా సొమ్మసిల్లునని గ్రహించి, వానిని గనులలోనికి వెంట తీసికొనిపోవలసినదని సలహా ఇచ్చెను. ఆ సలహాతో గనులలోనికి దిగిన కేనరీ పిట్టలు బ్రిటనులో 1986 వరకు ఆ కొలువు చేసినవి. తండ్రి ప్రయోగములకు బాల్యముననే తన దేహమును ఒప్పగించిన ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేను, జీవశాస్త్రమున జగద్విఖ్యాతుడై, 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక ప్రకారము ఆయన భౌతికకాయము వైద్యవిద్యార్థుల అధ్యయనమునకై మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరినది. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గుత్రవ్వకము మొదలైన నాటినుండి సింగరేణి కుటుంబములకు గనిగాలి భయమేమియో తెలియును. గనిలోని కార్మికునికి దక్కవలసిన ఆ జాగ్రత్తయే, గాలి మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించు గృహస్థునికిని దక్కవలెననునదియే నా మనవి.

ఈ విషము సోకిన గుర్తులు సామాన్యమైన జలుబు జ్వరముల గుర్తులను పోలియుండుటచే మనిషి మోసపోవును. తలనొప్పి, కళ్లు తిరుగుట, వికారము, ఒళ్లంతయు నీరసము మొదట కనబడును. పిదప మాట తడబడును, కాళ్లు స్వాధీనము తప్పును, లేచి తలుపు తీయవలెనను తెలివి కలిగియు తీయుటకు శక్తి చాలదు. జ్వరము లేకుండ ఇంటిల్లిపాదికి ఒకే పూట తలనొప్పి వచ్చినను, ఇంటిలోనున్నప్పుడు వచ్చిన తలనొప్పి వీధిలోనికి పోగానే తగ్గినను, అనుమానింపవలసినది ఇంటిగాలినే. కోవిడు నాటినుండి అనేక గృహములలో నున్న పల్సాక్సీమీటరును వ్రేలికి తగిలించి, అంకె బాగుగనే యున్నదని ధైర్యము చెందరాదు. ఆ పరికరము విషముతో కూడిన హిమోగ్లోబినును ప్రాణవాయువుతో కూడినదిగనే చదువును. నిద్రలో నున్నవానికి ఈ గుర్తులు సైతము తెలియవు. ఆ నిద్రయే స్పృహ తప్పుటగా మారిపోవును.

మన ఇండ్లలో ఈ అపాయము మిక్కిలిగా నున్న తావులు రెండు. మొదటిది బాలింత గది. గాలి తగలరాదని తలుపులు కిటికీలు మూసి, చెవులలో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, నులకమంచము క్రింద నిప్పుల కుంపటి ఉంచి, ఆ నిప్పులపై సాంబ్రాణి చల్లి బిడ్డ తల ఆరబెట్టుట మన పెద్దల వాడుక. ప్రేమతో చేయు ఈ ఉపచారములో వెచ్చదనము మంచిదే, శుభ్రత మంచిదే. మూసిన గదిలోని నిప్పు మాత్రము ఆ తల్లికిని బిడ్డకును శత్రువు. రెండవది స్నానాలగది. నాలుగు అడుగుల వెడల్పు లేని గదిలో, వెలుపలికి పోవు గొట్టము లేని గ్యాసు గీజరును బిగించి, తలుపునకు గడియ పెట్టుకొని స్నానము చేయుచున్నప్పుడు, మంట గదిలోని ప్రాణవాయువును తినివేయుచు, అది తగ్గినకొలది కార్బన్ మోనాక్సైడును అధికముగా విడుచుచుండును. ఆరోగ్యవంతులైన యువకులు స్నానాలగదిలో మూర్ఛతో పడిపోయి ఆసుపత్రులకు వచ్చిన ఉదంతములను మన దేశపు నాడీవైద్యులు వైద్యపత్రికలలో ప్రకటించి, మూలకారణము గీజరేయని తేల్చియున్నారు. కర్ణాటక, మహారాష్ట్ర పట్టణములలో ఈ విధముగా ప్రాణములు పోయిన వార్తలు చలికాలమున పలుమారు చదువుచున్నాము.

ఇక పొగ మాట. ఇల్లు అంటుకొన్నప్పుడు మనుష్యులు మంటలలో కాలి చనిపోవుదురని తలచుట సహజము; కాని అధికులు మంట తమ్ము చేరకమునుపే పొగవలన ప్రాణములు విడుచుచున్నారు. బీదరునుండి సుమారు 140 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు మహానగరమున ఇటీవల జరిగిన దుర్ఘటనలు ఇందుకు సాక్ష్యములు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ వాహనముల దుకాణమున పుట్టిన మంటల పొగ మెట్లదారి గుండ పై అంతస్తులలోని హోటలును ముంచి 8 మంది ప్రాణములు తీసినది. 2023 మార్చి 16న స్వప్నలోక్ సముదాయములో ఉద్యోగములు చేసికొనుచున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక అసువులు బాసిరి. 2025 మే 18న ఆదివారము ఉదయము, చార్మినారు చెంతనున్న గుల్జార్ హౌజులో ఒక కుటుంబమునకును వారి బంధువులకును చెందిన 17 మంది, వారిలో 8 మంది పసివారు, ఇరుకైన ఒక్క మెట్లదారిని పొగ మూసివేయుటచే మృతిచెందిరి. నేటి ఇంటిలోని పరుపుల స్పాంజి, ప్లాస్టిక్కు సామాను, విద్యుత్ తీగల తొడుగులు కాలినప్పుడు వెడలు పొగలో కార్బన్ మోనాక్సైడుతోబాటు మరికొన్ని విషవాయువులును కలిసియుండును. తప్పించుకొనుటకు దొరకు వ్యవధి గంటలలో కాదు, కొలది నిమిషములలోనే ఉండును. ఆ నిమిషములు నిద్రలో గడచిపోయినచో ఇక మేలుకొనుట లేదు. నిద్రించు మనిషిని పొగవాసన లేపునను నమ్మకము ప్రమాదకరమైనది. కావుననే మనతోబాటు నిద్రపోని ఒక ఇంద్రియము ఇంటికి అవసరమైనది.

పొగను పసిగట్టు యంత్రము పుట్టుకయే ఒక చిత్రము. 1930ల చివర స్విట్జర్లాండునకు చెందిన వాల్టర్ యేగరు అను భౌతికశాస్త్రజ్ఞుడు విషవాయువును గుర్తించు పరికరమును నిర్మింపబూనెను. విషవాయువు ప్రవేశపెట్టినను ముల్లు కదలకపోగా, విసిగి సిగరెట్టు వెలిగించినంతనే ఆ పొగకు ముల్లు కదలినది. రేడియోధార్మిక పదార్థపు కిరణములు గాలిని అయానులుగా విడగొట్టి కొద్దిపాటి విద్యుత్తును ప్రవహింపజేయుచుండగా, పొగకణములు ఆ అయానులకు అంటుకొని ప్రవాహమును తగ్గించుటయే అందలి కారణము. నేటి అయాను డిటెక్టరులో ఉండు అమెరీసియము-241 ఒక మైక్రోగ్రాములో మూడవ వంతునకును మించదు. దాని అర్ధాయువు 432 సంవత్సరములు. దాని ఆల్ఫాకిరణములు కొన్ని అంగుళముల గాలిని సైతము దాటలేవు గనుక గోడపైనున్నంతవరకు హాని లేదు, పగులగొట్టరాదు, చెత్తకుప్పలో పడవేయరాదు. రెండవ రకము కాంతితో పనిచేయును. ఒక చీకటి గదిలో ఒక మూలనుండి కాంతికిరణము వెడలుచుండును. ఆ దారికి ప్రక్కగా ఒక కాంతిగ్రాహిక వేచియుండును. గాలి స్వచ్ఛముగా నున్నంతసేపు కిరణము దానిపై పడదు; పొగ చొరబడగానే కణములు కాంతిని చెదరగొట్టగా, చెదరిన వెలుగు గ్రాహికను తాకును, వెంటనే గంట మ్రోగును.

ఈ రెండింటిలో భగ్గున మండు మంటలను అయాను రకము, పరుపులోనో తీగల సందునో మెల్లగా రాజుకొను నిప్పును కాంతి రకము ముందుగా గుర్తించును. విద్యుత్ తీగల లోపములును, పరుపుపై పడిన నిప్పురవ్వలును అధికమైన మన ఇండ్లకు కాంతి రకమే మేలు. మరియొక కారణము మన వంట. ఆవాలు చిటపటలాడు పోపునకును, మిరపకాయలు వేచు ఘాటునకును అయాను రకము ఊరక కేకలు పెట్టును. అమెరికాలో ప్రతి పడకగదికి డిటెక్టరు ఉండు ఇండ్లలో కాపురమున్న మన తెలుగువారు ఈ బాధ ఎరుగుదురు. పోపు పెట్టినప్పుడెల్ల మ్రోగుచున్నదని బ్యాటరీ ఊడదీసి మరచిపోవుటయు కలదు. ఆ దేశపు లెక్కలలో ఇంటి అగ్నిప్రమాదములవలన కలుగు మరణములలో అయిదింట ఇంచుమించు మూడు, అలారము లేని లేదా పనిచేయని ఇండ్లలోనే జరుగుచున్నవి. వంటయింటిలో పొగసూచకము బదులు వేడిని మాత్రమే గుర్తించు పరికరమును పెట్టి, పొగసూచకమును పొయ్యికి కనీసము మూడు మీటర్ల దూరమున నుంచినచో ఈ చిక్కు తీరును.

కార్బన్ మోనాక్సైడు డిటెక్టరు దారి వేరు. దానిలో ఆమ్లద్రవము తగిలియున్న చిన్న ప్లాటినము ఎలక్ట్రోడులు ఉండును. గాలిలోని కార్బన్ మోనాక్సైడు ఆ ఎలక్ట్రోడుపై నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారునప్పుడు ఎలక్ట్రానులను విడుచును. వాయువు ఎంతయో విద్యుత్తు అంత. ఈ యంత్రము అంకెను చూచి వెంటనే అరవదు. అంకెను, కాలమును కలిపి చూచును. అమెరికా ప్రమాణము ప్రకారము గాలిలో పదిలక్షల పాళ్లకు 70 పాళ్లున్నచో ఒకటినుండి నాలుగు గంటలలోను, 150 పాళ్లున్నచో 10 మొదలు 50 నిమిషములలోను, 400 పాళ్లున్నచో 4 మొదలు 15 నిమిషములలోను మ్రోగవలెను. రక్తములో విషము పేరుకొను వేగమును లెక్కించి చేసిన ఏర్పాటిది. కాబట్టి అలారము మ్రోగినప్పుడు ఎవరికిని ఏమియు కాలేదుగదా యని తీసివేయరాదు. ఏమియు కాకమునుపే మ్రోగుట దాని ధర్మము.

అమర్చుటకు మూడు వాయువుల నడతను గుర్తుంచుకొన్నచో చాలును. నిప్పునుండి లేచు పొగ వేడిది, పైకి పోవును. కాబట్టి పొగసూచకము పైకప్పునకు నడుమ ఉండవలెను. గోడపై పెట్టవలసివచ్చినచో కప్పునకు ఒక అడుగులోపల ఉండవలెను. గోడయు కప్పును కలియు మూలలో గాలి నిలిచిపోవును గనుక అచ్చట పెట్టరాదు. ఫ్యాను రెక్కల అంచునకును, ఏసీ గాలివాలునకును మూడడుగుల ఎడమ విడువవలెను. దేవుని గూటిలోని అగరుబత్తికి సరిగా పైన ఉండరాదు. కార్బన్ మోనాక్సైడు బరువు గాలికి ఇంచుమించు సమానము. అది గదియంతట కలిసిపోవును. పడకగదిలో దాని సూచకమును నిద్రించువారి ముక్కు ఎత్తున గోడకు పెట్టవచ్చును. నిప్పుండు గదిలో పెట్టినచో ఆ నిప్పునకు ఒకటినుండి మూడు మీటర్ల దూరమున ఉంచవలెను. పరదాల వెనుక, బీరువాల చాటున, ఆవిరి నిండు స్నానాలగదిలోపల పెట్టరాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. దాని లీకును గుర్తించు పరికరము నేలకు అడుగు ఎత్తున ఉండవలెను. బజారులో గ్యాసు డిటెక్టరని అమ్మునది తరచుగా ఈ మూడవదే. దానిని కొని కార్బన్ మోనాక్సైడునుండి రక్షణ లభించినదనుకొనుట తగదు. కొనునప్పుడు పెట్టెపై ఏ వాయువునకో చదువవలెను; పొగకు ఈఎన్ 14604 లేక యూఎల్ 217, కార్బన్ మోనాక్సైడునకు ఈఎన్ 50291 లేక యూఎల్ 2034 అను ప్రమాణపు సంఖ్య ఉన్నదేమో చూడవలెను.

పడకగదులలోను, వాని వెలుపలి నడవలోను, ప్రతి అంతస్తులోను ఒక్కొక్క పొగసూచకము ఉండుట ఉత్తమము. అంత శక్తి లేనివారు పడకగదుల ముందరి నడవలో ఒకటి పెట్టినను చాల మేలు. బిగించుట కష్టము కాదు. పరికరము వెనుక ముద్రించిన తయారీ తేదీని మొదట చూచి, దానిని ఒక పుస్తకమున వ్రాసికొని, పీఠపు పలకను కప్పునకు ఆనించి పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టి, డ్రిల్లుతో రంధ్రములు చేసి, ప్లగ్గులు దించి, మరలు బిగించి, బ్యాటరీ పెట్టి, పరికరమును పీఠముపై ఉంచి త్రిప్పగానే అది కూర్చుండును. పరీక్షామీట నొక్కి, తలుపులన్నియు మూసి, దూరపు పడకగదిలో పడుకొన్న పెద్దలకు వినబడుచున్నదో లేదో తెలిసికొనవలెను. రంగులు వేయించునప్పుడు పైన సంచి తొడిగినచో పని ముగిసిన నాడే తీయవలెను. నెలకొకసారి మీట నొక్కి చూడవలెను. ధూళిని మెత్తని కుంచెతో దులుపవలెను. సాలెపురుగు లోపల గూడు కట్టనీయరాదు. పొగసూచకమును పదేండ్లకును, కార్బన్ మోనాక్సైడు సూచకమును దానిపై వ్రాసిన గడువునకును మార్చివేయవలెను. గడువు తీరిన యంత్రపు మీట మ్రోగినను దాని ఇంద్రియము చచ్చియుండవచ్చును.

మ్రోగిననాడు చేయవలసినది ఇంటిల్లిపాదికి ముందే తెలిసియుండవలెను. పొగ అలారమైనచో సామానులకై వెదకక, పొగక్రింద వంగి ప్రాకుచు, వెనుక తలుపులు మూయుచు, లిఫ్టు ఎక్కక బయటపడి, 101కి గాని 112కి గాని ఫోను చేయవలెను. కార్బన్ మోనాక్సైడు అలారమైనచో వెంటనే అందరును వెలుపలికి వచ్చి, ఒక్కరైనను లేరేమో లెక్క చూచి, తలనొప్పియో మగతయో ఉన్నవారిని 108లో ఆసుపత్రికి చేర్చి, కార్బన్ మోనాక్సైడు సోకినదని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో ఆయన మరేదో వ్యాధిని వెదకుచుండును. కారణము తెలియనిదే తిరిగి లోపలికి పోరాదు.

ఇంత చెప్పియు ఒక మాట చెప్పక తప్పదు. సూచకము అపాయమును తెలుపును గాని తొలగింపదు, తొలగించునది గాలియే. ఈ సత్యము బీదరు నేలకు కొత్తది కాదు. నౌబాదు చెంత లాటరైటు రాతిలో కిలోమీటర్ల పొడవున తొలిచిన కరేజు సొరంగమును సురంగబావి యందురు. భూమిలోపల నీరు నడచు ఆ దారికి, బహమనీల కాలపు నిర్మాతలు ఎడమెడముగా పైకి నిలువు బావులు త్రవ్వి, లోపల పనిచేయు మనిషికి గాలియు వెలుతురును సమకూర్చిరి. అదే పట్టణమున 1472లో మంత్రి మహమూదు గవాను కట్టించిన మదరసా, విద్యార్థుల గదులకు వెలుతురును గాలియు వచ్చునట్లు నిర్మింపబడినది. ఔరంగజేబు సేనలు అందులో నిలువచేసిన మందుగుండు 1696లో ప్రేలి, ఆ మహాభవనము సగము కూలినది. కట్టినవాని వివేకమును వాడుకొన్నవాని అజాగ్రత్త ఓడించిన ఉదాహరణమది. నేటి మేస్త్రీ వంటయింటికి వెంటిలేటరు పెట్టినను, చలి యని దానికి అట్టముక్క అడ్డము పెట్టినచో గుణము లేదు. గీజరును స్నానాలగది వెలుపల, గాలి ఆడు చోట పెట్టి, వేడినీటిని మాత్రము గొట్టముతో లోపలికి తేవలెను. కుంపటిని పడకగదినుండి శాశ్వతముగా వెలివేయవలెను. జనరేటరును మూసిన దుకాణములో నడుపరాదు. పొయ్యిమంట నీలముగా గాక పసుపుపచ్చగా మండి గిన్నెలకు మసి పట్టుచున్నచో బర్నరును బాగుచేయించవలెను.

ఎత్తైన భవనములకును హోటళ్లకును ఆసుపత్రులకును అగ్నిసూచకములు ఎట్లుండవలెనో భారత జాతీయ నిర్మాణ సంహితయు, ఐఎస్ 2189 ప్రమాణమును నిర్దేశించుచున్నవి; సామాన్యుని సొంత ఇంటి పడకగదిని వచ్చి చూచు అధికారి ఎవరును లేరు. అందుచే ఈ పని ప్రజల చేతిలోనిదే. ప్రసూతి ఆసుపత్రులు తల్లీబిడ్డలను ఇంటికి పంపునాడు కుంపటి మాట ఒక్కటి చెప్పి పంపవలెనని, ఆశా కార్యకర్తలు చలికాలమున ఇంటింటికి ఈ హెచ్చరికను చేర్చవలెనని, గీజరు అమ్ము దుకాణదారు దానిని స్నానాలగదిలో బిగించుటకు నిరాకరింపవలెనని, ఇల్లు కట్టించు మేస్త్రీ విద్యుత్ పనితోబాటే సూచకపు తావును నిర్ణయింపవలెనని నా విన్నపము. ఈ రెండు యంత్రముల వెల ఒక సామాన్యమైన చేతిఫోను వెలలో కొద్దిభాగమే. పాఠకులారా, ఈ చలికాలము ముదరకమునుపే మీ పడకగది నడవలో ఒక పొగసూచకమును, ఇంటిలో బొగ్గుగాని గ్యాసుగీజరుగాని ఉన్నచో దానితోబాటు ఒక కార్బన్ మోనాక్సైడు సూచకమును అమర్చుకొనుడు. నెలనెల మీట నొక్కి పరీక్షింపుడు. నిప్పున్న గదిలో ఒక్క కిటికీనైనను తెరచియుంచుడు.